తీగెల వెల

మారేడ్‌పల్లి వీథులలో సాయంసమయమున దీపములు వెలుగుటయు, ఇండ్లలో పంకాలు తిరుగుటయు నేడు వింత గొలుపు విషయములు కావు. నెలకొకమారు వచ్చు బిల్లుకాగితమును మాత్రము గృహస్థుడు శ్రద్ధతో తిప్పి చూచుచున్నాడు. అందు వాడిన యూనిట్ల వెల కలదు, స్థిరరుసుము కలదు, ఖాతాదారు రుసుము కలదు, ప్రభుత్వమునకు చెందు విద్యుత్ సుంకము కలదు. కాని ఆ విద్యుత్తు రామగుండమునుండియో, పాల్వంచనుండియో, కృష్ణాతీరమునుండియో, రాష్ట్రపు పొలిమేరకు ఆవలినుండియో మారేడ్‌పల్లికి వచ్చిన బాటకు కూలి యెంతయైనదో ఆ కాగితమున ఎచ్చటను కానరాదు. అది యూనిట్ వెలలో కరగి కలిసిపోయినది. కానరాని ఖర్చును ప్రశ్నించువాడుండడు. ప్రశ్నించువాడు లేని ఖర్చు తనంతట తాను తగ్గిన దృష్టాంతము మా ఎరుకలో లేదు.

ఆ కానరాని ఖర్చును గూర్చియే నేడు పాఠకులతో నాలుగు మాటలు చెప్పదలచితిమి. విషయము శుష్కముగా తోపవచ్చును. పఠనమందిరములలో రాజకీయ కోలాహలమునకున్న ఆదరణము లెక్కల పుస్తకమునకుండదు. అయినను ప్రజాధనము మెల్లమెల్లగా జారిపోవునది కోలాహలములో కాదు, లెక్కలలోనే. స్వరాజ్యము వచ్చిన దేశమున ప్రజలు తమ లెక్కలు తాము చదువుకొనుట నేర్వనిచో, పాలించువారి పేర్లు మారినవే గాని పాలింపబడు తీరు మారలేదని చెప్పవలసివచ్చును.

విద్యుద్వ్యవహారమున మూడు అంగములు కలవు. పుట్టించుట యొకటి, దూరములకు కొనిపోవుట రెండవది, ఇంటింటికి పంచుట మూడవది. పుట్టించువారు పెక్కురుండవచ్చును; ఒకని వెల హెచ్చైనచో మఱియొకని యొద్ద కొనవచ్చును. నడిమి అంగమునకు ఆ వెసులుబాటు లేదు. ఒక ఊరికి రెండు జతల ఉక్కు టవర్లు, రెండు జతల తీగెలు వేయుట ధనవ్యయమే గాని పోటీ కాదు. కావున ప్రసారము స్వభావముచేతనే గుత్త. గుత్త యున్నచోట బేరము లేదు. బేరము లేనిచోట కొనువాని పక్షమున నిలుచుటకు ఒక మధ్యస్థుడు కావలెను.

మన తెలంగాణపు పల్లెలలో చెరువునీరు పంచుటకు నీరటికాడని యొకడుండెడివాడు. తూము ఎంత ఎత్తవలెనో, ఏ మడికి ముందు నీరు పారవలెనో చూచుట అతని విధి. నీరటికాడు ఊరందరి మనిషియైనచో తుదిమడియు పండెడిది. దొరవారి మనిషియైనచో ఎగువ తోటలు పచ్చగానుండి దిగువ పొలములు బీటలు వారెడివి. నేటి విద్యుత్ నియంత్రణ మండలి ఆ నీరటికాని స్థానమున నున్నది. అది ఎవరి మనిషియనునదే అసలు ప్రశ్న.

ఈ మండలి యెట్లు వచ్చినదో ఒకమారు స్మరింతము. నిజాము కాలమున 1920లో హుస్సేన్‌సాగరపు గట్టున విద్యుత్కేంద్రము వెలసినది. అప్పుడు విద్యుత్తు పుట్టినచోటికి వెలిగినచోటికి నడుమ దూరము స్వల్పము. ప్రసారవ్యయమను మాటయే పుట్టలేదు. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టము ననుసరించి రాష్ట్రములలో విద్యుత్ బోర్డులేర్పడెను. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడినది. పుట్టించుట, మోయుట, పంచుట అన్నియు దాని చేతిలోనే. ధర నిర్ణయించుటయు, ప్రభుత్వపు కనుసన్నల, దాని చేతిలోనే. నాలుగు దశాబ్దులు ఇట్లు గడచినవి. ఊరూర దీపము వెలిగినది. అది ఆ బోర్డు చేసిన గొప్ప సేవ, కాదనరాదు. కాని ఏ తీగెకెంతయైనదో, ఎవరి వాటా యెంతయో వేరుపరచి చూపు లెక్క ప్రజలకు అందలేదు.

1998లో సంస్కరణ చట్టము వచ్చెను. 1999 ఫిబ్రవరి 1వ తేదీన బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కో అని రెండుగా చీలెను. అదే సంవత్సరమున నియంత్రణ మండలి ఏర్పడెను. 2000లో పంపిణీ నాలుగు కంపెనీల పాలయ్యెను. ఈ మార్పుల వెనుక ప్రపంచబ్యాంకు ఋణపు షరతులు గలవన్న సంగతి దాచిన దాగునది కాదు. ఆ యేటనే ధరలు పెరుగగా ప్రజలు వీథులకెక్కిరి. 2000 ఆగస్టు 28వ తేదీన బషీర్‌బాగున పోలీసులు కాల్పులు జరిపిరి. ముగ్గురు ప్రాణములు విడిచిరి. విద్యుత్ ధరను గూర్చిన ప్రశ్న ఎంత దూరము పోగలదో ఆనాడు భాగ్యనగరము కన్నులార చూచినది. ఆ నెత్తురు నేర్పిన పాఠము ఒక్కటే: ధర నిర్ణయమునందు ప్రజల మాటకు ముందు తావీయనిచో, ఆ మాట పిదప వీథిలో వినబడును.

2003 నాటి విద్యుత్ చట్టము ఆ తావు నిచ్చినది. దాని 64వ సెక్షను ప్రకారము ధరకై వచ్చిన దరఖాస్తును ప్రకటింపవలెను. ప్రజల సూచనలను, ఆక్షేపణలను స్వీకరింపవలెను. వానినన్నిటిని విచారించి 120 దినములలో మండలి ఆజ్ఞ నీయవలెను. 86వ సెక్షను మండలి తన అధికారములను పారదర్శకముగా నడపవలెనని విధించుచున్నది. మారేడ్‌పల్లిలోని సామాన్య గృహస్థుడైనను కాగితముపై తన ఆక్షేపణ వ్రాసి పంపి, బహిరంగ విచారణలో నిలిచి, ట్రాన్స్‌కో అధికారిని ప్రశ్నింపవచ్చును. వెనుకటి ఏ దొరతనమునందును ఇట్టి హక్కు మనకు లేదు. హక్కు గలదు, దానిని వాడుకొనుచున్న వారెందరు?

వాడుకొనవలెనన్నచో తీగెల వెల నిర్ణయమగు విధము తెలియవలెను. అది పామరునకు తెలియని బ్రహ్మవిద్య కాదు. ఒక ప్రసారమార్గమునకు రూ. 100 కోట్లు వ్యయమైనదనుకొందము. కేంద్రమండలి నిబంధనల ప్రకారము అందు 70 కోట్లు అప్పు, 30 కోట్లు యజమాని మూలధనము అని లెక్కింతురు. మూలధనముపై, పన్ను పోను, ఏటికి నూటికి ఇంతయని లాభము నిర్ణీతము. 2019-24 కాలమునకది 15.5, 2024-29 నిబంధనలలో క్రొత్త ప్రసారమార్గములకు 15కు తగ్గించిరి. అనగా 30 కోట్లపై ఏటికి నాలుగున్నర కోట్లు. అప్పుపై వడ్డీ నూటికి 9 అనుకొన్నచో 6 కోట్ల 30 లక్షలు. తరుగుదల, క్రొత్త నిబంధనల ప్రకారము మొదటి పదునైదేండ్లు, ఏటికి నూటికి 4.22 చొప్పున 4 కోట్ల 22 లక్షలు. మొత్తము రూ. 15 కోట్లకు పైబడినది. నిర్వహణవ్యయము, పన్ను దీనికి అదనము. ఆ తీగెలో విద్యుత్తు నిండుగా పారినను, సగమే పారినను, అసలు పారకున్నను ఈ మొత్తము వసూలు కావలసినదే.

ఇపుడు పాఠకులు ఒక్క విషయము గమనింపవలెను. అదే మార్గము 100 కోట్లకు బదులు 125 కోట్లకు కట్టినచో యజమాని లాభము నాలుగున్నర కోట్లనుండి ఐదున్నర కోట్లు దాటును. వ్యయము పెరిగినకొలది లాభము పెరుగుచున్నది! సామాన్య వ్యాపారియందు ఖర్చు తగ్గించినవాడు లాభపడును. ఇచ్చట ఖర్చు పెంచినవాడు నష్టపోడు. ఆవర్చ్, జాన్సన్ అను అమెరికా అర్థశాస్త్రజ్ఞులు 1962లోనే ఈ దోషమును శాస్త్రీయముగా నిరూపించిరి. నియంత్రణ మండలి ప్రతి వ్యయమును వివేకముతో పరీక్షింపవలెనని నిబంధనలున్నవి. నిజమే. కాని ఇనుము వేసి, తీగె లాగి, అప్పు తెచ్చి ముగించిన పిమ్మట చేయు పరీక్ష, పెండ్లియైన పిదప జాతకములు చూచుటవంటిది. పరీక్ష ముందు జరుగవలెను. ఈ మార్గము కావలెనా, ఈ యేడు కావలెనా, ఇంత పెద్దది కావలెనా, వేఱు దారి లేదా అను నాలుగు ప్రశ్నలకు, శంకుస్థాపనకు ముందే, బహిరంగముగా సమాధానము రావలెను.

ఇట్లన్నచో, తీగెలే వేయవలదని మా అభిప్రాయమని ఎవరును భ్రమపడరాదు. తీగె లేకపోవుటవలన కలుగు నష్టము తీగె వెలకన్న హెచ్చుగానుండవచ్చును. దానిని మనవారు అనుభవించిరి. 2013 వరకు దక్షిణదేశపు విద్యుజ్జాలము తక్కిన భారతపు జాలముతో ఏకకాలిక బంధము లేక విడిగానుండెను. ఉత్తరమున విద్యుత్తు చవుకగా దొరకుచున్నను తెచ్చుకొనుటకు బాట చాలక, దక్షిణాది రాష్ట్రములు హెచ్చువెలకు కొనవలసివచ్చెను. 2012, 2013 ప్రాంతమున కర్మాగారములకు విధించిన విద్యుత్ విరామదినములను, పల్లెలలోని కోతలను ఇంకను ఎవరును మరువలేదు. 2013 డిసెంబరు 31వ తేదీన రాయచూరు-షోలాపూరు 765 కిలోవోల్టుల మార్గముతో ఆ బంధము కుదిరినది. విడిగానుండుటవలన ఒక మేలును కలుగకపోలేదు; 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరాదియంతయు చీకటిలో మునిగినపుడు దక్షిణము ఆ ఆపదనుండి తప్పించుకొన్నది. అయినను మొత్తముమీద ఏకజాలమే దేశమునకు బలము. 2014-15లో 7 వేల మెగావాట్లకు లోపుగానున్న తెలంగాణ గరిష్ఠ వినియోగము 2025 మార్చిలో 17 వేల మెగావాట్లు దాటినది. ఇంత భారమును మోయుచు ప్రసారనష్టమును నూటికి మూడు పాళ్లకు లోపున నిలిపిన ఇంజనీర్లను, ఎండలో వానలో టవర్లెక్కు పనివారిని మేము అభినందింపకపోము. ప్రశ్న వారి దక్షతను గూర్చి కాదు. వారిచేత ఏ పని చేయింపవలెనో నిర్ణయించు వారిని గూర్చినది.

నిర్ణయము తప్పినచో ఏమగునో మన రాష్ట్రముననే దృష్టాంతములు కలవు. రాష్ట్రావతరణానంతరము కొరత తీర్చుటకు ఛత్తీస్‌గఢ్ నుండి వేయి మెగావాట్లు కొనుటకు 2015లో ఒడంబడిక జరిగెను. వార్ధా-మహేశ్వరము 765 కిలోవోల్టుల మార్గము దానికి బాటయయ్యెను. సరఫరా 2017లో మొదలై 2022లో నిలిచిపోయినది. మఱి వేయి మెగావాట్లకు కూడ ముందుగా బాట పట్టి, పిదప దానిని విడిచిపెట్టుటవలన పవర్‌గ్రిడ్ సంస్థతో వివాదము తలయెత్తినది. ఈ వ్యవహారమంతయు 2023 డిసెంబరున శాసనసభ ముందుంచిన శ్వేతపత్రమున చర్చకు వచ్చెను; 2024లో విచారణ సంఘమును కూడ నియమించిరి. ఆనాటి పాలకులు తమ పక్షమున చెప్పుకొను మాటయు కలదు: కొరతకాలమున బాట దొరకుటయే దుర్లభము, దొరికినపుడు పట్టుకొనకున్న పరులు పట్టుకొందురని. ఆ మాటలో సారము లేకపోలేదు. అయితే ఒక విషయము మాత్రము వివాదరహితము. దీర్ఘకాలమునకు బాట పట్టినవాడు, సరకు రాకున్నను, బాటకూలి నీయవలెను. ఆ కూలి నిచ్చువాడు మంత్రి కాడు, కార్యదర్శి కాడు. మారేడ్‌పల్లి గృహస్థుడు, మహబూబునగరపు మగ్గమువాడు, కరీంనగరపు పిండిమరవాడు.

రెండవ దృష్టాంతము కాళేశ్వరము. గోదావరిని మెట్టుమెట్టుగా ఎత్తిపోయుటకు పంపుగృహములు, వానికై ప్రత్యేకముగా సబ్‌స్టేషన్లు, అధికశక్తి మార్గములు నిర్మించిరి. 2019 జూన్ 21వ తేదీన ప్రారంభోత్సవము జరిగినది. 2023 అక్టోబరు 21వ తేదీన మేడిగడ్డ ఆనకట్ట స్తంభములు క్రుంగినవి. అటుపిమ్మట మేడిగడ్డనుండి నీటిని ఎత్తుట ఆగినది. నీరు పారకున్నను ఉక్కు టవర్లకు తరుగుదల ఆగదు, అప్పునకు వడ్డీ ఆగదు. ఆ వ్యయము నీటిపారుదల శాఖ ఖాతాలో వ్రాసినను, విద్యుత్ సంస్థ ఖాతాలో వ్రాసినను, తుదకది చేరు జేబు ఒక్కటే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు.

రాష్ట్రపు తీగెలపై మన మండలికైనను అధికారము కలదు. రాష్ట్రములను దాటు మార్గములపై అధికారము ఢిల్లీలోని కేంద్రమండలిది. ఆ మార్గముల మొత్తము వ్యయమును రాష్ట్రముల నడుమ పంచు విధానము 2011లో నూతనముగా వచ్చి, 2020 నవంబరునుండి మరల మారినది. జాతీయభాగము, ప్రాంతీయభాగము, ట్రాన్స్‌ఫార్మరు భాగము, వాడుకను బట్టి వచ్చు భాగము అని దానిని విభజించిరి. దీనిపై సూర్యవిద్యుత్తునకు, వాయువిద్యుత్తునకు ప్రోత్సాహముగా, 2025 జూన్ 30వ తేదీలోపల సిద్ధమైన కేంద్రములకు అంతర్రాష్ట్ర ప్రసార రుసుము మాఫీ చేసిరి. ఆ పిమ్మట వచ్చువానికి ఆ మాఫీ ఏటేట తగ్గుచు పోవును. మాఫీయనగా వ్యయము మాయమైనదని యర్థము కాదు. ఒకడు మోయని బరువు తక్కినవారి భుజములపై పడినది. ఎడారులలో పుట్టు సూర్యశక్తి దేశమునకు కావలసినదే. ఐతే దాని మేలు దేశమందరిదైనపుడు ఖర్చు కూడ దేశపు బొక్కసమునుండి బహిరంగముగా రావలెను గాని, దీపము వెలిగించుకొనువాని బిల్లులో చాటుగా చేరరాదు. కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరున ప్రకటించిన ప్రసారప్రణాళిక 2032 వరకు రూ. 9 లక్షల 15 వేల కోట్ల వ్యయమును అంచనా వేయుచున్నది. ఇంత ధనములోని మూలధనభాగముపై నూటికి పదునైదు లాభమని లెక్కించునపుడు, అందు ఒక్క పాలు తగ్గినను ప్రజలకు మిగులు సొమ్మెంతయో పాఠకులే ఊహించుకొనవచ్చును.

బిల్లులో కానరాని మఱియొక మూల్యమును చెల్లించువాడు రైతు. టవరు దిగిన చేనిలో ఆ మేర భూమి పోవును. తీగె క్రింద చెట్టు పెంచరాదు, ఇల్లు కట్టరాదు. నగరమునకు వెలుగు కావలెను గనుక పల్లెవాడు ఓర్చుకొనవలెనన్న వాదము చిరకాలము చెల్లినది. కేంద్ర విద్యుచ్ఛాఖ 2015 నాటి మార్గదర్శక సూత్రములలో టవరు పాదమునకు భూమి వెలలో నూటికి 85, తీగెబాటకు నూటికి 15 వరకు పరిహారమనిరి. 2024 జూన్‌లో వానిని మార్చి, టవరు పాదమునకు భూమి వెలకు రెండింతలు, తీగెబాటకు నూటికి 30 అని సూచించిరి. ఇది న్యాయమైన పెంపు. దీనివలన తీగెల వెల కొంత పెరుగును. ఆ పెంపును మేము సంతోషముతో భరింతుమని పట్టణవాసులు చెప్పవలెను. వ్యయము తగ్గింపుడని మేమనునపుడు రైతు నోటిలోని కూడు తగ్గింపుడని మా భావము కాదు.

మఱి వ్యయము తగ్గు మార్గమేది? పోటీ టెండర్లు ఒకటి. చట్టపు 62వ సెక్షను ప్రకారము మండలియే వ్యయము లెక్కించి ధర నిర్ణయించును. 63వ సెక్షను ప్రకారము టెండర్లు పిలిచి, తక్కువ రుసుము కోరినవానికి పని యిచ్చి, ఆ ధరను మండలి అంగీకరించును. 2016 నాటి జాతీయ ధరల విధానము, రాష్ట్రములోపలి మార్గములలో మండలి నిర్ణయించిన పరిమితికి మించినవానికి టెండర్లే పద్ధతియని చెప్పినది. ముంబయి నగరపు ఒక ప్రసారమార్గమును గూర్చిన తగవులో 2022 నవంబరు 23వ తేదీన సుప్రీంకోర్టు, ఈ రెండు పద్ధతులలో ఏది ఎంచుకొనవలెనో చట్టము రాష్ట్రమండలులకు స్వేచ్ఛ నిచ్చినదనియు, ఐతే ఆ ఎంపికకు ఆధారమగు నిబంధనలు మూడు మాసములలో వ్రాసికొనవలెననియు ఆదేశించినది. స్వేచ్ఛయనగా ఇచ్చవచ్చినట్లు చేయుట కాదని, చేయుదానికి కారణము చెప్పుటయని ఆ తీర్పు సారము.

టెండర్లనగానే స్వదేశాభిమానులకు ఒక శంక కలుగును, మాకును కలిగినది. ప్రజల సొత్తైన జాలము క్రమముగా ఇద్దరు ముగ్గురు ధనికుల చేతికి పోదా యని. ఆ శంక నిరాధారము కాదు. కాని టెండరులో ప్రభుత్వసంస్థయు పాల్గొనవచ్చును, పాల్గొని గెలువవచ్చును. పవర్‌గ్రిడ్ పెక్కుమార్లు గెలిచినది. ప్రభుత్వసంస్థ గనుక పరీక్ష వలదనుటయు, ప్రైవేటు సంస్థ గనుక చవుకగా చేయుననుటయు రెండును మూఢవిశ్వాసములే. ఇంగ్లండునందు 1990లో విద్యుద్వ్యవస్థ ప్రైవేటుపరము చేసినపుడు, ధరల సూచికకన్న కొంత తక్కువగానే రుసుము పెరుగవలెనను సూత్రమును పెట్టిరి. ప్రసార సంస్థలకు 2013 నుండి ఆ సూత్రమును మార్చి, పని ఫలితమును బట్టి ప్రతిఫలమను పద్ధతి తెచ్చిరి. అచ్చటి యజమానులు ప్రైవేటువారు. అయినను నియంత్రణము సడలలేదు. యజమాని ఎవరైనను సరే, లెక్క ప్రజలదై యుండవలెను. మనకు కావలసిన స్వదేశీయత అది.

ఇక మండలి స్వాతంత్ర్యమును గూర్చి. సభ్యులను ఎంపికసంఘపు సిఫారసుపై నియమించునది రాష్ట్రప్రభుత్వము. 108వ సెక్షను ప్రకారము ప్రజాహితమగు విధాన విషయములలో ప్రభుత్వము మండలికి ఆదేశము లీయవచ్చును. అయ్యధికారము ధరలను ఎన్నికల పంచాంగము ననుసరించి త్రిప్పుటకు కాదు. వ్యవసాయమునకు ఉచితవిద్యుత్తు 2004 నుండి కలదు. 2024 మార్చినుండి 200 యూనిట్ల లోపు వాడు అర్హులైన గృహస్థులకు గృహజ్యోతి కలదు. పేదవానికి వెలుగు నిచ్చుటను మేము నిరసింపము. 65వ సెక్షను మాత్రము, అట్టి రాయితీ సొమ్మును ప్రభుత్వము ముందుగా చెల్లింపవలెనని శాసించుచున్నది. చెల్లింపు ఆలస్యమైనచో పంపిణీ సంస్థ అప్పు తెచ్చును. అప్పునకు వడ్డీ పెరుగును. ట్రాన్స్‌కోకు చేరవలసిన రుసుము నిలిచిపోవును. తుదకు రాయితీ పొందినవాడే మఱియొక రూపమున దానికి వడ్డీ కట్టును.

ధరలు పెంచక, లోటును పుస్తకములలో వ్రాసి ముందుతరమునకు నెట్టు పద్ధతి దేశమంతట ప్రబలినది. 2025 ఆగస్టు 6వ తేదీన సుప్రీంకోర్టు ఇట్టి బకాయిలను 2024 ఏప్రిల్ మొదలు నాలుగేండ్లలో తీర్చవలెనని ఆదేశించుచు, ఇవి నియంత్రణ మండలుల వైఫల్యమునకు చిహ్నములని గట్టిగా చెప్పినది. బిడ్డ నోటికి చేదు తగులునని మందీయని తల్లి దయగలది కాదు. పెంపు న్యాయమైనచో మండలి ధైర్యముగా పెంచవలెను. అన్యాయమైనచో ధైర్యముగా త్రోసివేయవలెను. 2024 అక్టోబరున తెలంగాణ మండలి, 300 యూనిట్లు దాటిన గృహస్థులకు స్థిరరుసుమును కిలోవాట్టునకు రూ. 10 నుండి 50కి పెంపుమన్న పంపిణీ సంస్థల కోరికను తిరస్కరించినది. ప్రజలు పంపిన ఆక్షేపణలు వ్యర్థములు కావని చెప్పుటకు ఇది చాలును.

కావున మేము కోరునవి స్వల్పములు, సాధ్యములు. మొదటిది, బిల్లుకాగితమున ఉత్పత్తికెంత, ప్రసారమునకెంత, పంపిణీకెంత యని మూడు పంక్తులు వేఱుగా ముద్రింపవలెను. రెండవది, నిర్ణీత పరిమితికి మించిన ప్రతి నూతనమార్గమునకు, కట్టుటకు ముందే బహిరంగ విచారణ జరుగవలెను. టెండరు పిలువనిచో ఏల పిలువలేదో మండలి లిఖితపూర్వకముగా చెప్పవలెను. మూడవది, కట్టిన ప్రతి మార్గములో ఏటికెంత విద్యుత్తు పారినదో, శక్తిలో ఎంతపాలు వాడుకయైనదో ఏటేట ప్రకటింపవలెను. ఊరక నిలిచిన తీగె పేరు ప్రజలకు తెలియవలెను. నాలుగవది, ప్రభుత్వము తన విధానముచేత కట్టించిన మార్గము నిరుపయోగమైనచో ఆ భారము బొక్కసమునుండి రావలెను, శాసనసభలో చర్చకు లోబడవలెను. ఐదవది, వందలకొలది పుటల ఇంగ్లీషు పిటిషన్లతోపాటు, సామాన్యుడు చదివి గ్రహింపదగిన తెనుగు, ఉర్దూ సంగ్రహములు, లెక్కలతో సహా, గ్రంథాలయములకు పంపవలెను. ఏ భాషలో ప్రజలు బిల్లు కట్టుచున్నారో ఆ భాషలో లెక్క చెప్పుట మర్యాద మాత్రమే కాదు, ధర్మము.

ప్రభుత్వమునకు, మండలికి చెప్పవలసినది చెప్పితిమి. పాఠకులకు చెప్పవలసినది ఇంకొకటి మిగిలినది. విచారణ తేదీ పత్రికలలో ప్రకటించినపుడు ఆ ప్రకటనను మడిచి ప్రక్కనపెట్టుట మన అలవాటు. వృత్తిసంఘములవారు, పరిశ్రమలవారు తమ వకీళ్లతో అచ్చటికి పోవుదురు; తమ పక్షమున గట్టిగా వాదింతురు; అది వారి హక్కు. గృహస్థుని కుర్చీ మాత్రము ఖాళీగా నుండును. ఖాళీ కుర్చీ పక్షమున ఏ మండలియు తీర్పు చెప్పదు. మారేడ్‌పల్లిలోను, సికిందరాబాదు తక్కిన పేటలలోను విశ్రాంతి పొందిన ఇంజనీర్లు, లెక్కల గుమాస్తాలు, ఉపాధ్యాయులు పెక్కురు కలరు. వారిలో నలుగురైదుగురు ఒక గ్రంథాలయమున వారమునకొకనాడు కూర్చుండి ట్రాన్స్‌కో దరఖాస్తును పుట వెంట పుట చదివి, పదిమందికి బోధపరచి, ఒక్క ఆక్షేపణ పత్రము సిద్ధముచేసినను చాలును. ఆ పనికి ధనము వలదు, పదవి వలదు, ఓపిక కావలెను. ఈ సంవత్సరమే ఆ పని ఆరంభింపుడని మా విన్నపము.